పదిహేనోసారి ఎదురుపడితే

ఉన్నవి అయిదే జట్లు. ఒక్కో జట్టు ఆడాల్సినవి 60 మ్యాచ్‌లు. మిగిలిన నాలుగింటికీ పంచితే ఒక్కోదానితో సగటున పదిహేనుసార్లు తలపడాలి. 1988-89లో అమెరికాలో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్ తొలి సీజన్ ఇలా నడిచింది. ఐస్ హాకీలో పైమెట్టు ఎన్‌హెచ్‌ఎల్‌ది. ఈ లీగ్ దానికి బాగా కింద. జీతాలు తక్కువ, ప్రయాణాలు బస్సులో. ఆ సీజన్ గురించి చదివినప్పుడల్లా నా మనసు మాత్రం ఆ పదిహేను దగ్గరే ఆగిపోతుంది.

అయిదు జట్లతోనే సరిపెట్టుకోవాలని ఎవరూ కోరుకోలేదు. అంతకుముందున్న చిన్న లీగ్‌లు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. వర్జీనియా చమురు వ్యాపారి హెన్రీ బ్రాబమ్ మరికొందరితో కలిసి మిగిలినవాళ్లను కూడగట్టాడు. ఒకటికి మించి జట్ల భారం ఆయనే మోశాడు. ఈరీ, జాన్స్‌టౌన్, వింటన్, విన్‌స్టన్-సేలమ్, నాక్స్‌విల్. ఈ అయిదు ఊళ్ల మధ్యే చలికాలమంతా బస్సులు తిరిగాయి.

డాలస్‌కు ఉత్తరాన, మన తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ ఆలెన్‌లో ఇప్పుడు ఇదే లీగ్ జట్టు ఉంది, ఆలెన్ అమెరికన్స్. హాకీ చూడటం నాకు అక్కడే అలవాటైంది. మొదట్లో కళ్లు ఆటగాళ్లు కొట్టే రబ్బరు బిళ్ల, పక్ వెంటే పరిగెత్తేవి. ఇప్పుడు గోల్ కాచే గోలీ మీద నిలుస్తాయి. పీరియడ్ మొదలయ్యేముందు, జాంబోనీ యంత్రం నున్నగా చేసి వెళ్లిన మంచు మీద, గోల్ ముందున్న నీలిరంగు అర్ధచంద్రంలో అతను పక్కపక్కకు జరుగుతూ స్కేట్ల అంచులతో బరబరా గీకుతాడు. మరీ నున్నగా ఉంటే పాదం నిలవదు, కాస్త గరుకు కావాలి. లేచిన తెల్లటి పొడిని స్టిక్‌తో పక్కకు నెడతాడు. తర్వాత రెండు పోస్టులనూ స్టిక్‌తో తట్టి చూసుకుంటాడు. వెనక్కి తిరగకుండానే తానెక్కడున్నాడో అతనికి తెలియాలి.

ఆపైన అతనికి కావాల్సింది జ్ఞాపకం. ఎడమవైపు నుంచి దూసుకొచ్చేవాడు కొట్టేముందు భుజం దించుతాడా? కొడతానన్నట్టు ఊరించి పక్కవాడికి అందిస్తాడా? ఏడాదికి ఒకటి రెండుసార్లు కనబడేవాడి గురించి ఇంత తెలియదు. పదిహేనుసార్లు ఎదురుపడితే తెలుస్తుంది. అవతలివాడికీ తెలుస్తుంది, ఈ గోలీ తొందరపడి మోకాళ్ల మీదకు దిగుతాడని, అప్పుడు భుజం పైన ఖాళీ దొరుకుతుందని. సీజన్ సగానికి వచ్చేసరికి ఇద్దరూ పాత అలవాటు దాచుకోవాలి, కొత్తది సాధన చేయాలి. ఏళ్ల తరబడి ఒకే అరుగు మీద చదరంగం ఆడే ఇద్దరికి ఒకరి ఎత్తు ఒకరికి తెలిసిపోయినట్టే. ఆ స్థితిలో గెలవాలంటే నిజంగా మెరుగుపడటం తప్ప దారి లేదు. చిన్న లీగ్ ఆటగాడికి ఇచ్చే చదువు ఇదే అని నేను నమ్ముతాను.

ఆ అయిదు ఊళ్లలో నాకు ఎక్కువ ఇష్టమైనది జాన్స్‌టౌన్. పెన్సిల్వేనియా కొండల మధ్య ఒకప్పటి ఉక్కు కర్మాగారాల ఊరు. పాల్ న్యూమన్ నటించిన హాకీ సినిమా ‘స్లాప్ షాట్’ చాలావరకు అక్కడే తీశారు. స్థానిక జట్టు జెట్స్‌లో ఆడిన తమ్ముడి అనుభవాలు విని నాన్సీ డౌడ్ ఆ కథ రాసింది. సినిమా 1977లో వచ్చింది. అదే ఏడాది జులైలో వరద ఊరిని ముంచెత్తింది, జెట్స్ కథ ముగిసింది. 1988 జనవరిలో ఊళ్లో కొత్త హాకీ జట్టు మొదలైంది. సినిమాలో జట్టు పేరు చీఫ్స్. కొత్త జట్టుకూ అదే పేరు పెట్టుకున్నారు.

ఆ సినిమా అంటే నాకు ప్రేమే. కానీ చిన్న లీగ్ అంటే కొట్లాటలే అన్న ముద్ర దానివల్లే బలపడింది. కొట్లాటలు లేవని కాదు. అదే మొహం అన్నిసార్లు చూస్తే కక్షలూ పెరుగుతాయి. అయితే కొట్లాట అందరికీ కనబడుతుంది. ఎదుటివాడి భుజం కదలికను నెలల తరబడి గుర్తుపెట్టుకున్న పనితనం ఎవరికీ కనబడదు. ఆ ముద్ర ఆటగాళ్లకు అన్యాయం చేసింది.

తొలి సీజన్ పట్టికలో ఈరీ పాంథర్స్‌ది మొదటి స్థానం. విన్‌స్టన్-సేలమ్ జట్టు కరోలినా థండర్‌బర్డ్స్‌ది నాలుగోది. గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. అయినా లీగ్ విజేతకిచ్చే రైలీ కప్పు వాళ్లకే దక్కింది. ఫైనల్లో జాన్స్‌టౌన్‌ను ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్లి 4-3తో సిరీస్ గెలిచారు. దీన్ని అదృష్టం కింద కొట్టేయడానికి నాకు మనసొప్పదు. చలికాలమంతా అవే నాలుగు జట్లతో ఆడి, దెబ్బలు తిన్నవాళ్లకు ఎవరు ఎక్కడ తడబడతారో బాగా తెలిసి ఉంటుంది.

ఇప్పుడు విజేతకు దక్కే కప్పు లీగ్ తొలి కమిషనర్ ప్యాట్ కెల్లీ పేరు మీద ఉంది. జట్లు దాదాపు 30, మ్యాచ్‌లు 72. ఇక్కడ ఆడి ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లినవాళ్లు 700కు పైనే. జాన్స్‌టౌన్ మాత్రం 2010లో చీఫ్స్‌ను పోగొట్టుకుంది. ఇన్ని జట్లున్నా, ప్రయాణం ఖర్చు వల్ల ఇరుగుపొరుగు ఊళ్లతోనే ఎక్కువసార్లు ఆడతారు. ఆలెన్‌కు టల్సా, విచిటా అలాంటివి. ఈ వైపు ఉండేవాళ్లు వెళ్తే టల్సా వచ్చిన రోజున, అదీ సీజన్ చివర్లో, గోల్ వెనకవైపు సీటు తీసుకోండి. అప్పటికి ఆ రెండు జట్లూ ఒకరినొకరు చాలాసార్లు చూసి ఉంటాయి.