ఎక్కువ వోల్టేజి, స్వచ్ఛమైన నాదం

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది పికప్. అయస్కాంతాల మీద వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగే అది. 1970ల తొలినాళ్లలో అమెరికాలో వచ్చిన డిమార్జియో 'సూపర్ డిస్టార్షన్' పికప్ ఎక్కువ వోల్టేజికి పేరు పొందింది. రాక్ సంగీతపు గరగర నాదానికి అది చక్కగా కుదురుతుంది. మరి స్వచ్ఛమైన నాదం మాటేమిటి?

చుట్లు పెరిగితే ప్రేరిత వోల్టేజి పెరుగుతుందని ఫెరడే నియమం ద్వారా మీకు తెలుసు. ఆ వోల్టేజిని ప్రీ-ఆంప్లిఫయర్ తొలి దశ భరించలేకపోతే తరంగ శిఖరాలు తెగిపోతాయి. అసలు నాదంలో లేని పౌనఃపున్యాలు వచ్చి చేరతాయి. తర్వాతి దశలో వాల్యూమ్ తగ్గించినా తెగిన శిఖరాలు తిరిగి రావు. కాబట్టి ముందు స్క్రూలు తిప్పి పికప్‌ను తీగలకు కాస్త దూరంగా దించండి. ప్రీ-ఆంప్లిఫయర్ గెయిన్ తగ్గించి, చివరి వాల్యూమ్ పెంచండి. వోల్టేజి సగమైతే తగ్గేది 6 డెసిబెల్సే. గిటారు మీది వాల్యూమ్ తగ్గించినా ఫలితం ఉంటుంది కాని, కేబుల్ కెపాసిటెన్స్ వల్ల నాదం కొంత మొద్దుబారుతుంది.

ఒక్క లోపం మాత్రం ఈ ఉపాయాలకు లొంగదు. చుట్లు పెరిగితే ప్రేరకత్వం కూడా పెరిగి, హెచ్చు పౌనఃపున్యాలు బలహీనపడతాయి. తక్కువ చుట్ల పికప్‌లోని తళుకు దీనిలో పూర్తిగా పలకదు. రెండు రకాల నాదాలూ కావాలంటే ఇది పనికొస్తుంది. స్వచ్ఛమైన నాదమే ముఖ్యమైతే తక్కువ చుట్ల పికప్‌నే ఎంచుకోండి.