పెరటి కోళ్ళు: ఎంపికయు పోషణయు

తెలుగు పల్లెలలో ఇల్లు కట్టుకొన్న గృహస్థు పాడిపశువును, మునగచెట్టును, కూరపాదును ఏర్పరచుకొనునప్పుడే నాలుగు కోళ్ళను కూడ సంసారములో చేర్చుకొనుట తరతరముల మర్యాద. పండుగకు వచ్చిన అల్లునికి కూర, ఎదుగుచున్న పిల్లలకు గుడ్డు, గ్రామదేవతకు మొక్కుబడి, పుస్తకములకో మందులకో అక్కరపడిన దినమున సంతలో చేతికందు రొక్కము, ఇవన్నియు ఆ పెరటినుండియే సమకూరుచుండెను. నేడు పట్టణముల పొలిమేరలలో రవంత ఖాళీస్థలము గలవారును ఈ పోషణయందు మక్కువ చూపుచుండుట సంతోషదాయకము. అయితే క్రొత్తగ పూనుకొనువారు ముందుగ అడుగు ప్రశ్న, ఏ జాతికోడి ఎక్కువ గుడ్లు పెట్టునని. వేలకొలది కోళ్ళను పంజరములలో పెంచు వ్యాపారికి ఈ ప్రశ్న తగును గాని పెరటికి చాలదు. తన మేతను తానే వెదకికొనుట, శత్రువును పసిగట్టి తప్పించుకొనుట, ఎండవానలకు ఓర్చుట, తన సంతతిని తానే పొదిగి పెంచుట అను నాలుగు గుణములను బట్టి పెరటికోడికి విలువ కట్టవలెను. వీనిలో కడపటిదే ప్రధానమని నా దృఢవిశ్వాసము. పొదుగు పెట్ట గల పెరడు ఏటేట తన్ను తాను నింపుకొనును, అది లేని పెరడు ఏటేట అంగడివైపు చూచును.

కోడికి పుట్టినిల్లు అడవి. లోకమందలి పెంపుడు కోళ్ళకు ప్రధాన మూలము ఎర్ర అడవికోడి యని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన దేశపు తూర్పు భాగమున స్థూలముగ గోదావరికి ఉత్తరమున ఈ ఎర్ర అడవికోడియు, దక్షిణమున బూడిదవన్నె అడవికోడియు నేటికిని సంచరించుచున్నవి. పెంపుడు కోళ్ళలో కనబడు పసుపుపచ్చని చర్మము ఈ బూడిదవన్నె కోడితోడి సాంకర్యమువలన సంక్రమించినదని 2008లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. కాలితో ఆకులను గీరి పురుగును వెలికిదీయుట, ప్రొద్దు క్రుంకగనే ఎత్తైన కొమ్మ నాశ్రయించుట, గద్ద నీడ పడినంతనే పొదలో అణగుట, చీకటిమూల వెదకి గుడ్లు పెట్టుట, ఇవి అరణ్యవాసము నేర్పిన విద్యలు. నాటుకోడి వీనిని మరువలేదు. కోళ్ళను పోషింపదలచినవాడు ఈ స్వభావమునకు చోటు కల్పించినచో సగము పని తీరినట్లే.

నాటుకోళ్ళలో అగ్రగణ్యము అసీలు. ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతములకు చెందిన ఈ జాతి పుంజు 4 నుండి 5 కిలోల వరకును, పెట్ట 3 నుండి 4 కిలోల వరకును తూగును. పొడవైన మెడ, కురచయైన జుట్టు, బిగువైన ఈకలు, నిటారుగ నిలుచు ఠీవి దీని లక్షణములు. పీలా, యాకుబ్, నూరీ, కాగర్, చిట్టా, జావా, సబ్జా, తీకర్, రేజా అని ఇందు పెక్కు భేదములు గలవు. మన పల్లెవాసులు ఈకల వన్నెను బట్టి మరియొక వర్గీకరణము చేసికొనిరి: నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, నలుపు ఎరుపు పసుపు మూడును గలసినది కౌజు, మెడపై నలుపు తెలుపులు సమముగ నున్నది పర్ల. కుక్కుటశాస్త్ర మను పేర ఈ పరిజ్ఞానము నేటికిని వాడుకలో నున్నది. కోళ్ళను జాతులుగ విభజించి చూచుట ప్రాచీనమే. దండి దశకుమారచరితమున నారికేళజాతి పుంజునకును బలాకజాతి పుంజునకును జరిగిన పోరు వర్ణితమైనది, ఆ కావ్యమునే 13వ శతాబ్దమున కేతన తెనిగించెను.

ఇంతటి పరిశీలన పందెముల పాలగుట శోచనీయము. కాలికి కత్తి కట్టి నోరులేని ప్రాణులను పోరించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచేత నిషిద్ధమే గాక మనుష్యత్వమునకును తగనిది. పుంజుయొక్క కంటిని, గోటిని, ఈకను ఇంత నిశితముగ పరిశీలించిన వారు ఆ శ్రద్ధలో కొంత తల్లిపెట్టపై చూపియుండినచో మన నాటుజాతుల స్థితి మరింత మెరుగై యుండెడిది. అసీలు పెట్ట గుడ్లు పెట్టుటలో వెనుకబడినదే. కాని పొదుగుటలోను, పిల్లలను కాచుటలోను దానికి సాటి అరుదు. గోదావరి ఏజెన్సీలోని ఆదివాసి స్త్రీలు ఈ సత్యమును చక్కగ గ్రహించిరి. వారిలో వాటా అను ఆచారము గలదు. పెట్ట గలవారు లేనివారికి దానిని పెంపకమున కిత్తురు. పుచ్చుకొన్న స్త్రీ దానిని సాకి, పొదిగించి, పిల్లలు ఎదిగిన పిమ్మట యజమానురాలితో పంచుకొనును. రూపాయి పెట్టుబడి లేక పేదయింట కోళ్ళు వెలయుటయే గాక, మంచి జాతి పలు ఇండ్లయందు వ్యాపించియుండుటచే ఒక వాడలో తెగులు సోకి నశించినను వేరొక వాడనుండి తిరిగి తెచ్చుకొన వీలగుచున్నది.

ఇక పొదిగించు విధము. పెట్ట గూటిని వీడక, దగ్గరకు పోయినచో ఈకలు నిక్కబొడిచి కొరకొరలాడుచున్నచో అది పొదుగునకు వచ్చినదని ఎరుగవలెను. వెదురుగంపలో ఇసుకయో ఊకయో పోసి, పైన ఎండుగడ్డి పరచి, జనసంచారము లేని చీకటిమూల నుంచి, పెట్ట పరిమాణమును బట్టి 10 నుండి 15 గుడ్లు అమర్చవలెను. పిడుగులకు గుడ్లు చెడకుండునని గంపలో ఇనుపముక్కయు బొగ్గును ఉంచుట పల్లెలలో గలదు. ఆ నమ్మిక ఎట్లున్నను, గుడ్ల ఎంపికయే ముఖ్యము. మరీ పెద్దవి, మరీ చిన్నవి, బీటవారినవి, మురికి యంటినవి పనికిరావు. పెట్టిన వారము దినములలోపు గుడ్లనే వాడవలెను; వేసవిలో మూడు నాలుగు దినములు మించరాదు. అంతవరకు వానిని తడియిసుకపై నిలిపిన కుండలో, సన్నని కొన క్రిందికుండునట్లు దాచిన చల్లదనము నిలుచును. ఏడవ రాత్రి గుడ్డును దీపమున కడ్డుగ పట్టి చూచినచో, జీవమున్న దానిలో ఎర్రని నరములు సాలెగూటివలె అల్లుకొని కనబడును. తేటగ నున్నదానిని తీసివేయవచ్చును. పెట్ట దినమునకు పలుమారులు గుడ్లను తానే త్రిప్పుకొనును, ఒకమారు మాత్రము మేతకు లేచును. కావున గింజలును నీరును చేరువనే యుంచవలెను. 21 దినములకు పిల్లలు వెలువడును. వానలు వెనుకబట్టిన కార్తికమునుండి మాఘమువరకు పొదిగించుటకు అనువైన కాలము. వేసవిలో గుడ్లు ఎక్కువగ మురిగిపోవును.

పెట్ట వేళగాని వేళ పొదుగునకు వచ్చినచో ముక్కున ఈక గ్రుచ్చుట, నీట ముంచుట కొందరు చేయుదురు. ఇది హింస. గాలియాడు తడికెగూటిలో, గడ్డి లేని నేలపై మూడు నాలుగు దినములు ఉంచి, మేత నీరు పుష్కలముగ నిచ్చినచో ఆ వేడి తానే చల్లారును.

నాటుపెట్ట ఏడాదికి మూడు నాలుగు దఫాలుగ పెట్టు గుడ్లు సాధారణముగ 50, 60కి మించవు. ఇంటినిండ పిల్లలు గలవారికి ఇది చాలదనుట నిజమే. ఈ లోటు తీర్చుటకే హైదరాబాదు రాజేంద్రనగరమందలి కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. అచ్చటి పశువైద్య విశ్వవిద్యాలయమునుండి రాజశ్రీ వచ్చినది. వనరాజ గుడ్లకును మాంసమునకును ఉపకరించును, పెరటిలో ఏటికి నూరు పైచిలుకు గుడ్లు పెట్టును. గ్రామప్రియ ప్రధానముగ గుడ్లకోడి, 160 నుండి 180 వరకు పెట్టగలదు. రంగురంగుల ఈకలుండుటచే తెల్లకోడివలె గద్దకంట సులభముగ పడవు. కాని ఇవి పొదుగవు. పైగా సంకరజాతులగుటచే వీని గుడ్లను వేరొక పెట్టక్రింద పొదిగించినను పిల్లలకు తల్లిదండ్రుల గుణములు నిలుకడగ రావు. మధ్యప్రదేశమందలి ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నల్లకోడి, పొదుగుటలో అంతంతమాత్రమే. దాని చర్మము, మాంసము, ఎముకలు నల్లన; గుడ్డు మాత్రము నల్లన కాదు. నల్లగుడ్డని చెప్పి అమ్మజూపువారిని నమ్మరాదు.

తల్లిలేని పిల్లలను కొని తెచ్చినవారు తామే తల్లి కావలెను. తొలి వారము 35 డిగ్రీల వెచ్చదనము కల్పించి, వారమునకు సుమారు మూడు డిగ్రీలు తగ్గించుచు, వాతావరణమును బట్టి నాలుగైదు వారములు కాపాడవలెను. కొలమానము లేకున్నను పిల్లలే చెప్పును: దీపము క్రింద గుమికూడినచో చలి, గోడలకంటి నోరు తెరచినచో ఉడుకు, సమముగ పరచుకొని తిరుగుచున్నచో సుఖము.

నీటివసతి గలచోట బాతులు మేలు. డెల్టాలో వరికోతల యనంతరము రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరుకొని తినుచు బాతులమందలు చేనునుండి చేనుకు సాగుట మనకు పరిచితమైన దృశ్యమే. బాతు తెల్లవారుజామున గుడ్డు పెట్టును. కావున ఉదయము 9 గంటలవరకు వదలనిచో గుడ్లు చెరువుపాలు గాక యింట దక్కును. గినీకోడి కావలికి మిన్న. క్రొత్తమనిషిని గాని పామును గాని చూచినంతనే ఇరుగుపొరుగు మేల్కొనునట్లు అరచును, అందుచే ఇండ్లు దగ్గరదగ్గరగ నున్నచోట అది తగదు. టర్కీకోడి పిల్లలు తమంత తినుట నేర్వలేవు. చేతితో అందించి అలవరుపవలెను. ఎదిగిన కోళ్ళనుండి తెగులు సోకుట కలదు గనుక వానిని వేరుగ నుంచుట శ్రేయము. బాతుగుడ్లకును గినీగుడ్లకును సుమారు 28 దినములు పట్టును. పొదుగుటలో ఈ పక్షులకు నిలుకడ తక్కువ గనుక మనవారు నాటుకోడిక్రిందనే ఈ గుడ్లను పొదిగింతురు. బాతుగుడ్లపై అప్పుడప్పుడు గోరువెచ్చని నీరు చిలుకరింతురు. ఏ పక్షిని చేరదీసినను నాటుపెట్టయే దాదియగుట గమనింపదగినది.

గూడు నేలనుండి రెండడుగుల ఎత్తున, గాలి యాడునట్లు, కోడికి అడుగు అడుగున్నర చోటు చొప్పున నుండవలెను. లోపల ఎక్కి కూర్చుండుటకు అడ్డకర్రలు, గుడ్లకు చీకటిగంపలు, పేలు రాలుటకు దొర్లాడ బూడిదగుంట అవసరము. బావురుపిల్లి, ముంగిస, పాము దూరకుండ సన్నకన్నుల వల బిగింపవలెను. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. రక్తసంబంధము దట్టమై సంతతి క్షీణింపకుండ ఒకటి రెండేండ్ల కొకమారు వేరొక ఊరి పుంజును మార్చవలెను. పగలు తిరిగి తిన్నది పోగా సాయంకాలము గుప్పెడు నూకలో, జొన్నలో, చోళ్ళో చల్లినచో బలముతోపాటు వేళకు గూడు చేరు అలవాటు కలుగును. పేడయు గడ్డియు నింపిన కుండను తడినేలపై బోర్లించి చెదలు పట్టించి పిల్లలకు వేయుట మన పల్లెలవారి మంచి ఉపాయము. గుడ్డు పెంకు గట్టిపడుటకు దంచిన ఆల్చిప్పలు వేయవలెను.

ఇన్ని చేసియు కొక్కెర తెగులును మరచినచో సర్వము వ్యర్థము. మెడ మెలిదిరిగి, పచ్చని విరేచనములై, రెండు మూడు దినములలో గూడంతయు తుడిచిపెట్టు ఈ వ్యాధికి సోకిన పిమ్మట చికిత్స లేదు. తొలి వారమున కంటిలోనో ముక్కులోనో లసోటా టీకాచుక్క వేయించి, నెలనాటికి మరల వేయించి, ఎనిమిదవ వారమున రెక్కక్రింద ఆర్‌టూబీ సూది వేయించుట రక్షణమార్గము. టీకాసీసా ఒకటి నూరు కోళ్ళకు సరిపోవునట్లుండుటయు, విప్పిన సీసా గంట రెండు గంటలకే పనికిరాకుండుటయు గలదు; ఐదారు కోళ్ళున్న యిల్లాలు ఒంటరిగ దీనిని తెప్పించుకొనలేదు. వాడవారందరు ఒక ఉదయమున కూడి వేయించుకొన్న ఖర్చు స్వల్పము, రక్షణ యందరిది.

కోళ్ళసొమ్ము పెక్కిండ్ల ఆడుదాని చేతిసొమ్ము. భూమి లేనివారికిని, పాడి లేనివారికిని దక్కు ఆస్తి. అధికఫలమిచ్చు క్రొత్తరకములను నేను కాదనను. గుడ్లకై రెండు గ్రామప్రియలను, కావలికై ఒక గినీజంటను, చెరువున్నచో నాలుగు బాతులను పెంచుకొనవచ్చును. కాని సంతలో మంచి వెల పలికినదని పిల్లలను చక్కగ కాచిన తల్లిపెట్టను అమ్ముకొనువాడు విత్తనపుగింజలను వండుకొన్నవాడే. కావున చదువరులారా, ప్రతి పెరటిలోను పొదుగు పెట్టలను రెంటినైనను నిలుపుకొనుడు. వాని పిల్లలలో మేలైనదానిని పొరుగింటికి వాటాకిండు.