అశ్లీలదోషము - రాధికాసాంత్వనము

అశ్లీలమనునది కాలక్రమమున నర్థము మార్చుకొనిన పదము. కావ్యప్రకాశకారుఁడగు మమ్మటుఁడు వ్రీడా జుగుప్సా మంగళములను స్ఫురింపఁజేయుటచే దానిని ముత్తెఱఁగుల దోషముగ నిరూపించి, సురతగోష్ఠియందది గుణమును గాఁగలదనెను. అచటఁ బరీక్షింపఁబడునది పదము. పలికినవారి కులముగాని స్త్రీత్వముగాని కాదు.

విక్టోరియారాణి యేలుబడిలో నింగ్లండున నెలకొన్న కొలమానము వేఱు. 1868లో హిక్లిన్ వ్యాజ్యెమునఁ బ్రధానన్యాయమూర్తి కాక్‌బర్న్, దుర్బలచిత్తులను జెఱుచు స్వభావము గ్రంథమునకుఁ గలదా లేదా యనుటయే పరీక్ష యని తీర్చెను. కులాంగన చేతికీయరాని గ్రంథము దానితో దూష్యమయ్యెను.

1881లో రాజమహేంద్రవరమున వితంతూద్వాహము జరిపించిన వీరేశలింగము పంతులవారు ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళనిని గర్హించినదియు నీ కొలమానపు నీడలోనే. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమునందలి యాకవయిత్రి రచించిన రాధికాసాంత్వనమునఁ బెక్కుభాగములు స్త్రీలు వినఁదగనివఁట, స్త్రీనోట రానేరానివఁట! శృంగారనైషధకర్తకు లేని యీ కట్టడి యామెకేల? 1910లో వావిళ్లవారి ముద్రణమున నీకావ్యమును సమగ్రముగఁ బ్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, సిగ్గు స్త్రీలకేకాని పురుషులకు వలదా యని యడిగి, పంతులవారి రసికజనమనోరంజనమునే యెత్తిచూపిరి. సూటియైన ప్రశ్న. ప్రత్యుత్తరము మాత్రము విమర్శకులనుండి గాక రక్షకభటులనుండి వచ్చెను. 1911లో దొరతనమువారికి ఫిర్యాదు చేరెను, ప్రతులు జప్తయ్యెను. నిషేధము 1947లోఁగాని తొలఁగలేదు.

అంతకుముందే, 1887 నాఁటి ముద్రణమునఁ గవయిత్రి వంశమును దెలుపు పీఠికాపద్యములు విడువఁబడినవి. వానియం దశ్లీలము లేశమును లేదు. తన యింటి విదుషీమణుల స్మరణమే కలదు. శృంగారపద్యములకంటె నీ వంశావళిని దాఁచుటయే శోచనీయతరము.