డ్రైవర్ దొరకని ప్రింటర్

“ప్రింటర్ బాగానే ఉంది సార్, కొత్త కంప్యూటరే దాన్ని తీసుకోవడం లేదు.” నన్ను పిలిచే జిరాక్స్ షాపులవాళ్లు, డీటీపీ సెంటర్లవాళ్లు చెప్పే మాట ఇదే. రోలర్లు కాగితం లాగుతున్నాయి, టోనర్ నిండుగా ఉంది, అచ్చు స్పష్టంగా పడుతోంది. అలాంటి యంత్రాన్ని పాత సామాన్లకు వేసేయమని చెప్పడానికి నాకు నోరు రాదు.

మోడల్ నంబరు కొట్టి వెతికితే ముందు తగిలేవి ‘డ్రైవర్ అప్‌డేటర్’ పేరుతో అంటగట్టే ప్రోగ్రాములు. వాటి జోలికి పోవద్దు. నేను మొదట చూసేది ఆ ప్రింటర్‌కు ఏ భాష తెలుసునన్నది. 1984లో హెచ్‌పీ తొలి లేజర్‌జెట్‌లో వాడిన పీసీఎల్, అదే ఏడాది అడోబీ తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్, డాట్ మ్యాట్రిక్స్‌లకు ఎప్సన్ ఆదేశాలు. వీటిలో ఒకటి తెలిస్తే చాలు, చాలాసార్లు మరో మోడల్ డ్రైవర్‌తో పని జరిగిపోతుంది. లేజర్‌జెట్ 1010నే చూడండి. విండోస్ 10 డ్రైవర్ల జాబితాలో దాని పేరుండదు. లేజర్‌జెట్ 3055 పీసీఎల్5 ఎంచుకుంటే పేజీ వస్తుంది. పోర్టు మాత్రం సరైనది పెట్టాలి. అది తప్పితే డ్రైవర్ మీద నింద పడుతుంది.

కార్బన్ కాపీ బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్‌లలో చాలావాటికి ఎప్సన్ డ్రైవర్ సరిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే అయితే ‘జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ’తోనూ నడుస్తుంది. కానీ అది ప్రింటర్‌లో ఉన్న అక్షరాలనే వాడుతుంది. తెలుగు బిల్లు కావాలంటే పేజీని బొమ్మగా పంపే డ్రైవరే ఉండాలి.

అసలు చిక్కు లేజర్‌జెట్ 1020, కేనన్ ఎల్‌బీపీ 2900 లాంటివాటితో. వాటికి పై భాషలేవీ తెలియవు, పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్‌దే. 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ కూడా కంప్యూటరే పంపాలి. మరో మోడల్ డ్రైవర్ ఇక్కడ సాయపడదు. లినక్స్‌లో 1020 నడుస్తోందంటే, ప్రింటర్‌కు వెళ్లే డేటాను ఓపిగ్గా చదివి సొంతంగా డ్రైవర్ రాసిపెట్టినవాళ్ల పుణ్యం అందులో ఉంది. అందుకే మూలపడిన ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, ప్రింటర్‌ను దానికి తగిలించి, కప్స్ అనే ప్రింట్ సర్వర్ ద్వారా షాపు నెట్‌వర్క్‌లో పెట్టమంటాను. మిగతా కంప్యూటర్లు ఏ విండోస్‌కు మారినా ప్రింట్లు ఆగవు.

ప్రింటర్ కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించడం దశలవారీగా తగ్గిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. డ్రైవర్ దొరకని ఈ బెడద ఇక పెరుగుతుంది. పీసీఎల్ ఆదేశాల మాన్యువల్‌ను హెచ్‌పీ బయటపెట్టింది కనుక దానికి ఎవరైనా డ్రైవర్ రాయగలరు. కొత్త విండోస్‌కు డ్రైవర్ ఇవ్వబోమని చెప్పే కంపెనీ, ఆ రోజే తన ప్రింటర్ ఆదేశాల పత్రాన్ని కూడా బయటపెట్టాలి. కొన్నవాళ్లు గట్టిగా అడగాల్సింది ఇదే.