చేప కంటిలో తెల్లపూస

చేప తలకాయ పులుసు వండే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ తెల్లపూస తెలుసు. కంటి చుట్టూ మెత్తటిదంతా చప్పరించాక పంటికి తగిలే చిన్న గట్టి గుండు. జలదంకిలో చిన్నప్పుడు దాన్ని కడిగి దాచుకునేవాళ్లం. అది కంటి కటకమనీ, బతికున్న చేపలో నీటిబొట్టంత తేటగా ఉంటుందనీ చాలా ఏళ్లకు తెలిసింది. పొయ్యి వేడికి అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి తెల్లబడతాయి, గుడ్డులోని తెల్లసొన మాదిరే.

ఆ తెలుపును బతికున్న చేపలో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎదుగుదల చూడటానికి గుంటలో వల లాగారు. అందరి చూపూ కాటా మీదే. ఒక శీలావతి మాత్రం సన్నగా, రెండు కళ్లలోనూ పాలచుక్క వేసినట్టుంది. కనపడని చేప మేత దగ్గరికి ఎట్లా వస్తుంది?

కంటి మబ్బుకు సూక్ష్మజీవులు కారణం కావచ్చు, నత్తల ద్వారా వచ్చే పురుగులూ కావచ్చు. అందుకే నీళ్లలో మందు చల్లుతారు. మేత సంచి వైపు చూసేవాళ్లు తక్కువ. మనవాళ్లు చిల్లుల సంచుల్లో వేలాడదీసేది ఎక్కువగా నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క. తవుడులో జింకు లేక కాదు. గింజ తన భాస్వరాన్ని దాచుకునే ఫైటేటు ఆ జింకును గట్టిగా పట్టుకుంటుంది, చేప పేగు దాన్ని విడిపించుకోలేదు. జింకు చాలని ట్రౌట్ చేపలకు శుక్లాలు వస్తాయని జపాన్‌లో ఒగినో, యాంగ్ అనే పరిశోధకులు 1978లో చూపించారు. మరుసటి ఏడాది అమెరికాలో కీటోలా మేతలో జింకు పెంచి వాటిని రాకుండా ఆపాడు. మన బొచ్చెకు చుట్టమైన బంగారుతీగ చేపకు కిలో మేతలో ఒంటికి పట్టే జింకు 15 నుంచి 30 మిల్లీగ్రాములుంటే చాలు. చిటికెడు కూడా కాదు!

అట్లాగని ఖనిజాల పొడి గుమ్మరిస్తే మేలు జరగదు. కాల్షియం, ఫాస్ఫేటు మితిమీరితే అవే జింకుకు అడ్డుపడతాయి. మబ్బు కమ్మిన కటకం తర్వాత ఎంత జింకు పెట్టినా తేటపడదు. దానికి నెత్తురు అందదు, లోపలి పొరలు కొత్తగా పుట్టవు. కాపాడుకోగలిగేది ఇంకా తేటగా ఉన్న కళ్లనే.

మొన్న వల లాగినప్పుడు పది చేపలను వెలుతురుకు తిప్పి చూడమని పక్క గుంట రైతును అడిగాను. ఓపిగ్గా చూశాడు. తూకాలు రాసుకునే నోటుబుక్కులో కళ్లకని ఇంకో గడి గీశాడు.