దెబ్బ వేగం ఎంత?

నానక్‌రామ్‌గూడలో కొత్త టవర్ పునాదికి బండ పేల్చినప్పుడల్లా నా మనసు గోదావరి లోయకు పోతుంది. ఇక్కడిది 250 కోట్ల ఏళ్ల గ్రానైట్. అక్కడిది బొగ్గు పొరల మధ్య పేరుకున్న ఇసుకరాయి. సింగరేణి బాయిల్లో కార్మికుల తలపైన కప్పు ఆ రాయే, ఓపెన్‌కాస్టుల్లో పేల్చేదీ దాన్నే.

రాళ్ల బలం కొలవడం నా వృత్తి. మామూలు ప్రెస్సులో నిమిషాల తరబడి నొక్కి, రాయి విరిగిన చోటి అంకె రిపోర్టులో రాస్తాం. పేలుడు అంత నిదానంగా నొక్కదు కదా! అందుకే 1949లో హెర్బర్ట్ కోల్‌స్కీ రూపమిచ్చిన హాప్కిన్‌సన్ బార్ కావాలి. రెండు పొడవాటి ఉక్కు కడ్డీల మధ్య రాతి బిళ్ల పెట్టి, ఒక కడ్డీ చివర గ్యాస్ గన్‌తో కొడతాం. సెకనుకు 5 కిలోమీటర్ల వేగంతో అల వచ్చి రాయిని తాకుతుంది. కొంత వెనక్కి మళ్లుతుంది, కొంత రాయి దాటి అవతలి కడ్డీలోకి పోతుంది. ఆ రెండు అలలే రాతి బలం చెబుతాయి.

శ్రమంతా ముందే. బిళ్ల ముఖాలు రెండూ సమాంతరంగా అరగదీయాలి, గ్రీజు పూయాలి, దెబ్బ పడే చోట పలచని రాగి రేకు పెట్టాలి. రేకు లేకపోతే అల ఒక్కసారిగా ఎగసి, బలం అవతలి ముఖానికి చేరకముందే ఇవతలి ముఖం చిట్లుతుంది. అలా వచ్చిన అంకెను నేను పారేస్తాను, ఎంత బాగా కనిపించినా.

వేగంగా కొడితే అదే ఇసుకరాయి ఎక్కువ బలం చూపిస్తుంది. నిదానంగా నొక్కినప్పుడు రేణువుల మధ్య బలహీనమైన పగులు తీరిగ్గా దారి వెతుక్కుంటుంది, రాయి రెండు మూడు పెద్ద ముక్కలవుతుంది. వేగంలో ఆ తీరిక లేదు. వందల పగుళ్లు ఒకేసారి మొదలై రాయి పొడిపొడి అవుతుంది, దానికి శక్తి ఎక్కువ కావాలి.

వేగంగా కొట్టినప్పుడు వచ్చే ఈ పెద్ద అంకె చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. ఒక్క పెద్ద దెబ్బకు నిలిచే రాయి, పదేపదే తగిలే చిన్న అదురుకు లోలోపల అలసిపోతుంది. 1213 నాటి రామప్ప గుడిదీ ఇసుకరాయే. చారిత్రక కట్టడాల దగ్గర, 8 హెర్ట్జ్ లోపు పేలుడు కంపనాలకు గనుల భద్రతా విభాగం పెట్టిన వేగ హద్దు సెకనుకు 2 మిల్లీమీటర్లే. నా దృష్టిలో అది అతి జాగ్రత్త కాదు.

కాబట్టి రాతి బలమంటూ ఒకే అంకె ఉన్న రిపోర్టు చేతికొస్తే, సంతకం చేసేముందు రెండు అడగండి: దెబ్బ వేగం ఎంత, ఎన్నిసార్లు కొట్టారు.