తలుపా, తెడ్డా?
(పొటాసియం మార్గముల ఉపమానములపై విమర్శ)

పామర్రు ప్రాంతపు పాఠకునికి నాడీకణమును గూర్చి చెప్పవలసినపుడు కాలువ తూము ఉపమానము వెంటనే స్ఫురించును. కణపు పొరలో పొటాసియం మార్గములు గలవు. అవి తెరచుకొనగా అయానులు వెలుపలికి పారి, నాడీ ప్రేరణమును అణచును. ఇంతవరకు ఉపమానము చక్కనిదే. కాని తూము షట్టరు ఎత్తుటకు లస్కరు కావలెను. కణములో ఆ లస్కరు ఎవరు? ఈ ప్రశ్న వేయని పాఠము పేరును నేర్పునే గాని పనిని నేర్పదు.

లస్కరు తలుపులోనే ఇమిడియున్నాడు. పొర మందము సుమారు 5 నానోమీటర్లు. లోపలి విభవము వెలుపలికన్న 70 మిల్లీవోల్టులే తక్కువయైనను, అంత పలుచని పొరలో అది మీటరుకు కోటి వోల్టులకు మించిన క్షేత్రమగును. ఆ క్షేత్రమునకు లోబడి కదలు ఆవేశములు ఉండవలెనని 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు సూచించిరి. 1973లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజనిల్లాలు సోడియం మార్గములలో అట్టి కదలికను స్వల్ప విద్యుత్ ప్రవాహముగా కొలిచిరి. 1987లో పండ్ల ఈగనుండి షేకర్ అను పొటాసియం మార్గపు జన్యువు వెలికివచ్చినది. దాని నాలుగవ ఖండమున ప్రతి మూడవ స్థానమునందును ధనావేశముగల ఆమినో ఆమ్లము కలదు. లోపలి ఋణత్వము తగ్గగానే ఈ ఖండము వెలుపలివైపు జరిగి తలుపును లాగును. ఒక్కొక్క మార్గమునకు 12, 13 ఆవేశములు ఇట్లు కదలును.

ఎట్లు జరుగును? 2003లో మెకిన్నన్ బృందము ఒక ఉష్ణజల సూక్ష్మజీవి మార్గమును స్ఫటికముగా చూపి, ఆ ఖండము జిడ్డుపొరలో తెడ్డువలె ఊగునని చెప్పినది. చిత్రము అందమైనది, దోషము అందులోనే ఉన్నది. ప్రోటీనును పొరనుండి విడదీసి, ప్రతిరక్షక ఖండములు తగిలించి తీసిన రూపమది. ఆవేశములు నూనెను దాటుట సులభము కాదు. కదలిక తెడ్డు కోరినంత దూరము లేదని పలు కొలతలు తెలిపినవి. 2005లో అదే బృందము ఎలుక మార్గమును చూపగా, ఖండము నిటారుగా నిలిచియున్నది. తెడ్డు అను పేరు నిలిచినది. దాని దీర్ఘమైన ఊపు నిలువలేదు. ఇరుకైన సందులో ఆవేశములు ఒకదానివెంట ఒకటి దాటుచు ఖండము జారునన్న భావమే నేడు బలముగా నున్నది.

ఇది పండితుల కాలక్షేపము కాదు. ఇట్టి మార్గపు జన్యువొకటి చెడినచో మనిషి నడక ఉండియుండి తూలునని 1994లో తేలినది. తలుపు చెడినదా, లస్కరు చెడినాడా అని తెలియనిదే చికిత్సకు దారి లేదు. కనుక ఉపమానము చెప్పువారు అది ఎక్కడ విరుగునో కూడ చెప్పవలెను.